పచ్చికాయల కోడలు

మా పక్కింటి ఓమో చేసుకొచ్చిన పిల్ల పేరు జుజు. కాపురానికి వచ్చిన వారం తిరక్కుండానే అత్తగారి అరటిగెల నరికి, కాయలు చక్రాల్లా తరిగి, నూనెలో వేయించి, వీధిలో ఇంటింటికీ ఒక పొట్లం పంచింది. మాకూ వచ్చింది. ఉప్పు సరిపోయింది, కరకరలాడుతున్నాయి. తింటూ తింటూ మా ఆయన, "ఇది అంబు ఊనె గెల కాదు గదా," అన్నాడు. నేను నమలడం ఆపాను. ఆయన మాత్రం పొట్లం పూర్తి చేశాడు.

అంబు ఊనె ఓమో తల్లి. మా వైపు అమ్మని అంబు అంటారు. ఆవిడ కన్నది ఒక్క ఓమోనే అయినా వీధి మొత్తానికీ అంబు అయి కూర్చుంది. ఆ గెలకి చేసిన సేవ తనకి కూడా చెయ్యలేదని ఓమోనే అనేవాడు. గాలికి ఒరగకుండా వెదురు గుంజ ఊతం పెట్టింది. ఎండ తగలకుండా ఎండుటాకు చుట్టింది. కాయకి పలకలు పోయి గుండ్రం తిరగాలి, కొసన ఎండిన పువ్వు ముట్టుకుంటే రాలాలి, గెలలో పై అత్తంలో, అంటే పై వరసలో, ఒక్క కాయన్నా పసుపు చూపించాలి. అప్పుడే కత్తి పట్టడం. జుజు నరికేనాటికి కాయలు పలకల మీదే ఉన్నాయి.

అంబు కేకలు వెయ్యలేదు. రెండు రోజులు అసలు మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నాల దగ్గర అడిగిందట.

"ఆ గెల నీకేం అపకారం చేసింది?"

"ఏం చెయ్యలేదు అంబు. వేలాడుతోంది, కోశాను."

"వేలాడేవన్నీ కోస్తావా?"

"తినేవైతే."

ఓమో అప్పుడు అక్కడే ఉన్నాడు. తన పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ అతను అదే పని చేశాడు.

మాది జావా దీవి పడమట, గలుంగుంగ్ అగ్నిపర్వతం కింద ఊరు. ఇళ్ళు చిన్నవి, పెరళ్ళు పెద్దవి. కంటికి ఆకు కనబడితే చాలు, మిరపకాయల సంబల్‌లో అద్దుకుని తినేస్తామని తూర్పు వైపు జావా వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. మేకల్ని మీ ఊరికి తోలితే ఆకలితో చస్తాయంటారు. అలాంటి ఊళ్ళో కూడా జుజు తొందర చెప్పుకునేంతగా ఉండేది. బీన్స్ అగ్గిపుల్లంత ఉన్నప్పుడు కోసేది. వంకాయ బొటనవేలంత అయితే అదే ముదిరిందనేది. మామిడి పిందెలు టెంక కట్టకుండానే దులిపేసేది. గుమ్మడి తీగ వేస్తే చిగురు తినేది, ఆకు తినేది, పువ్వు తినేది. కాయ దాకా బతికిన గుమ్మడి తీగని ఆ ఇంట్లో ఆవిడ వచ్చాక ఎవరూ చూడలేదు.

దీనికి వీధిలో ఒక కారణం చెప్పుకునేవాళ్ళు. జుజు పుట్టిల్లు మా కంటే పైన, కొండకి దగ్గర. కొండ పేలిన ఏడు ఆవిడ చిన్నపిల్ల. మబ్బు పట్టినట్టు ఆకాశం నల్లబడుతుంటే వాళ్ళ నాన్న పెరట్లోకి పరిగెత్తి, పిందె అనక కాయ అనక చేతికందినవన్నీ బుట్టలోకి దూసేశాడట. తెల్లారి చూస్తే కొమ్మల మీద మిగిలినవన్నీ బూడిద కింద ఉన్నాయి. ఆ బుట్టతోనే వాళ్ళు కొన్నాళ్ళు గడిపారు. అందుకే ఈ పిల్ల చెట్టు మీద దేన్నీ నమ్మదు అని అందరూ అనేవారు. ఒకసారి నేనే అడిగాను.

"అదేం కాదు తెతె," అంది. ఆవిడ కంటే కొంచెం పెద్దదాన్ని గనక నన్ను తెతె అంటుంది, అక్క అన్నట్టు. "నాకు పులుపు ఇష్టం, వగరు ఇష్టం. పండు నోట్లో పెట్టుకుంటే ఎవరో నమిలి ఇచ్చినట్టుంటుంది."

ఇంతకంటే మంచి కారణం నాకెప్పుడూ దొరకలేదు.

అంబు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ దృష్టిలో పెరడు అంటే ఆగడం. తెల్లవారుజాము నమాజు అయ్యాక ముసుగు కూడా తియ్యకుండా చెట్ల మధ్య తిరిగేది. ఒక్కో కాయ దగ్గర ఆగి, బొటనవేలితో మెల్లగా నొక్కి, ముక్కు ఆనించి, ఊపిరి పీల్చి, "ఇంకా లేదు," అని ముందుకెళ్ళేది. ఏ కాయనైనా గట్టిగా నొక్కితే నొక్కినచోటే కుళ్ళుతుందని చెప్పేది. ఆవిడ దించిన పండు ఏదైనా సరే తొడిమ దాకా తియ్యగా ఉండేది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే పెరట్లో తిరిగితే ఏమవుతుందో రెండో ఏడు తేలిపోయింది. పనస పిందెలు వేసింది. అంబు ఒక్కో పిందెకీ పాత బియ్యం గోతం తొడిగింది. నాలుగు గోతాలు ఖాళీగా వేలాడుతున్నాయని తర్వాత తెలిసింది. లోపలి పిందెలు కొబ్బరిపాలల్లో ఉడికి, ఇంటిల్లిపాది కడుపులోకీ, అంబు కడుపులోకి కూడా, వెళ్ళిపోయాయి. ఆవిడ ఆ కూర రెండోసారి వడ్డించుకుంది కూడా. సంగతి తెలిశాక చెయ్యి కడుక్కుని కొడుకుని పిలిచింది.

"పెరడు పంచు."

"ఎలా పంచను అంబు?"

"కత్తితో పంచు, తాడుతో పంచు. రేపటికి గీత కనపడాలి."

ఓమోది చెక్క చెప్పులు చెక్కే పని. పట్నం వ్యాపారులు వద్దని తిప్పి పంపిన చెప్పులు ఇంటి వెనక గుట్టగా పడి ఉండేవి. వాటిని వంటింటి మూల నుంచి చేపల గుంట దాకా వరుసగా నేలలో పాతాడు, మడమలు పైకి. తూర్పు అంబుది, పడమర జుజుది. బొప్పాయి చెట్టు సరిగ్గా గీత మీద పడింది. ఏ వైపు కాయ ఆ వైపు వాళ్ళకి అనుకున్నారు. పనస మొదలు అంబు వైపు, కొమ్మలు జుజు వైపు. మొదలు మీద కాసినవి అత్తకి, కొమ్మల మీద కాసినవి కోడలికి.

జుజు కొమ్మల మీది పిందెలన్నీ లేతగా ఉండగానే కోసుకునేది. దాంతో చెట్టు బలమంతా మొదలుకి దిగి, అంబు పనసకాయలు ఇద్దరు మోస్తేగానీ కదలనంత అయ్యేవి. తన ఓపిక వల్లే అంత లావయ్యాయని అంబు నాతో చెప్పేది. పై భారం తను తీసెయ్యబట్టే అంత లావయ్యాయని జుజు నాతో చెప్పేది. ఇద్దరితోనూ అవునన్నాను.

మెల్లగా ఊరు కూడా ఈ గీతకి అలవాటు పడింది. ఎవరింట్లోనైనా కోడలికి ఏడో నెల వస్తే, ఏడు రకాల పుల్లటి కాయలు బెల్లం కారం కలిపి రుజాక్ చెయ్యాలి. దానికి జుజు గుమ్మం తొక్కేవాళ్ళు. పెళ్ళికో మసీదు పండగకో పళ్ళు కావాలంటే అంబు గుమ్మం. గుమ్మం ఒకటే. అడగాల్సిన మనిషి వేరు.

ఓమోకి రెండూ పెట్టేవాళ్ళు. మధ్యాహ్నం పెళ్ళాం ఉప్పద్దిన మామిడికాయ ముక్కలు పెట్టేది, సాయంత్రం తల్లి పండు కోసి పెట్టేది. ఏది బాగుందని అడిగితే దగ్గు వచ్చేది అతనికి. ఒక కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళై గరుట్ వెళ్ళింది. ఆ పిల్ల కాయలూ తినదు, పళ్ళూ తినదు. నూడుల్స్ తింటుంది.

ఊరంతా మూతులకి గుడ్డలు కట్టుకు తిరిగిన ఏడు అంబుకి జ్వరం వచ్చింది. అప్పటికే కళ్ళు మసకలు. పెరడంతా వేలి మీదా ముక్కు మీదా నడుపుతోంది. జ్వరం తగ్గింది, లేచింది, మళ్ళీ తెల్లవారగానే చెట్ల మధ్య తిరగడం మొదలెట్టింది. మనిషి కొంచెం వంగింది, అంతే అనుకున్నాం.

ఆ వానాకాలం మొదట్లో పనస పండింది. పనస పండితే ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో బట్టల బీరువా తీస్తే అందులో పనస వాసన. మా ఆయన నమాజుకి వెళ్ళొచ్చి, మసీదులో కూడా అందరూ పనస గురించే ఆలోచిస్తున్నారన్నాడు. నేను కంచె దగ్గరికి వెళ్ళాను. అంబు గోతం పక్కకి లాగి, కాయకి ముక్కు ఆనించి, ఊపిరి పీలుస్తోంది.

"అంబు, దించుతున్నారా?"

"ఇంకా లేదు."

"వాసన వస్తోంది గదా."

"అది వేరే వాళ్ళింటిది," అంది. "దీనికింకా టైముంది."

వీధిలో వేరే ఏ ఇంట్లోనూ పనస చెట్టు లేదు. నేను ఇంట్లోకి వచ్చేశాను.

ఇంకో రెండు రోజులకి ఆ కాయ తనంతట తనే తెగి, గట్టు మీద పగిలి, దొర్లుకుంటూ చేపల గుంటలో పడింది. తొనలన్నీ నీళ్ళ మీద తేలాయి. చేపలు బాగా తిన్నాయి. ఆ నెల వాళ్ళు మాకిచ్చిన చేపల్లో ఏదో తీపి ఉందని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

ఆ మధ్యాహ్నం జుజు గుప్పెడు బీన్స్ పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. ఊరికే ఇవ్వడానికొచ్చిన మనిషిలా నిలబడి, పొయ్యి మీద ఉన్న ఎండుచేపల మూకుడు వైపు చూసింది.

"తెతె, ఇది గట్టిగా వాసనొస్తోందా, నాకేనా?"

"ఎండుచేపలు వేపుతుంటే రాదా?"

"పొద్దున మా ఇంట్లో వేపాను. అంబు పొయ్యి పక్కనే కూర్చుని ఇవాళ కూరేంటి అని అడిగింది."

చేపలు మాడాయి.

"ఆవిడకి చెప్పావా?" అన్నాను.

"ఏమని? మీకు ముక్కు పనిచెయ్యడం లేదనా? ఆవిడకి తెలియదా ఏంటి. తెలిసే ఆ కాయ దగ్గర నిలబడింది."

"ఓమోకి?"

"ఆయనకి చెప్తే కంగారుపడి నలుగురికి చెప్తాడు. ఆవిడ ఇంక పెరట్లోకి రాదు." బీన్స్ గట్టు మీద పెట్టింది. "రాకపోతే ఏం చేస్తుంది? మంచం మీద కూర్చుని నా వైపు చూస్తుంది. నాకది కుదరదు."

ఆ తర్వాత ఏం చెయ్యాలని అనుకుందో నాతో చెప్పలేదు. చేసినప్పుడు కంచె ఇవతల నుంచి విన్నాను.

జుజుకి మొదట్నుంచీ పండిన పనస వాసన పడదు. ఏటా ఆ రోజుల్లో సణుగుతూనే ఉండేది. ఇప్పుడు ఆ సణుగుడునే పనిలో పెట్టింది. రెండో కాయ మాగిన రోజు పొద్దున్నే పెరట్లో నిలబడి, వీధికి వినపడేలా అంది, "అంబు, ఆ మొదలు దగ్గరి కాయ దించుతారా లేదా? తల పగిలిపోతోంది నాకు."

అంబు గొంతు కొంచెం ఆగి వచ్చింది. "నిన్నట్నుంచీ వస్తోంది వాసన. నీకిప్పుడు తెలిసిందా? ఓమోని పిలు. గొడ్డలి తెమ్మను."

కాయ దిగింది. తేనెలా ఉంది.

ఇక అప్పట్నుంచీ ప్రతి పండుకీ ఒక తగువు. సపోటాలు తయారైతే, "మీ సపోటాల కోసం గబ్బిలాలు వచ్చి నా వైపు పెంట చేస్తున్నాయి," అని జుజు అనేది. "గబ్బిలాలకున్న బుద్ధి కూడా నీకు లేదు, అవి పండేదాకా ఆగుతాయి," అని అంబు అనేది. ఆ పూటే సపోటాలు దిగేవి. అరటికి, "ఆ గెల మెడ విరిగి నా మిరప మొక్కల మీద పడితే ఊరుకోను," అని ఇవతల నుంచి. "నీ మిరప మొక్కల మీద ఇంకా మిరపకాయలు మిగిలాయా?" అని అవతల నుంచి. గెల దిగేది.

మొదట్లోనే జుజు ఒక దెబ్బ తింది. లక్ష్మణఫలాల దగ్గర తేనెటీగలు ముసురుతున్నాయని ఒకరోజు గోల పెట్టింది. అంబు దింపించింది. ఆ కాయలు బియ్యం డబ్బాలో ఎన్నాళ్ళున్నా మెత్తబడలేదు, రాయిలాగే ఉండి నల్లబడ్డాయి. అంబు ఒక కాయని వంటింటి గడప మీద పెట్టి, కోడల్ని పిలిచింది.

"నా చేత్తో నేను పచ్చికాయ దింపించడం ఇదే మొదటిసారి. నీ గాలి సోకింది నాకు."

జుజు ఆ కాయని గుంటలో పారేసి నేరుగా నా దగ్గరికొచ్చింది.

"తెతె, లక్ష్మణఫలం ఎప్పుడు కొయ్యాలి?"

"ముళ్ళు ఎడం అవ్వాలి. మెరుపు తగ్గాలి."

"ఎంత ఎడం?"

"చూస్తే తెలుస్తుంది."

"చూస్తే తెలిసేదైతే నిన్నెందుకు అడుగుతాను?"

ఆవిడ అన్నదీ నిజమే. అప్పటికి పెళ్ళై పాతికేళ్ళు దాటింది. పెరట్లోనే బతికిన మనిషి, కానీ దేన్నీ చివరిదాకా చూసింది కాదు. ప్రతి కాయ కథా ఆవిడకి సగం వరకే తెలుసు. మా పెరట్లోని లక్ష్మణఫలం చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక పచ్చిది, ఒక తయారైంది పక్కపక్కన చూపించాను. ముళ్ళ మధ్య వేలు పెట్టి చూసుకుంది. సపోటా మీది పొడి తుడిచి గోటితో గీకితే కింద ఆకుపచ్చ కనపడకూడదన్నాను. మా సపోటాలన్నీ గీకింది. వెన్నపండుని, అదే అవకాడోని, చెవి దగ్గర ఊపి గింజ కదులుతోందేమో వినాలన్నాను. ఆ సాయంత్రం కొమ్మ వంచి, కాయ చెవికి ఆనించుకుని నిలబడింది. దారిన పోయేవాళ్ళు పలకరించబోయి, ఫోన్లో ఉందనుకుని వెళ్ళిపోయారు.

తెలుసుకోవడం ఒక ఎత్తు, ఆగడం ఇంకో ఎత్తు. ఆవిడ తూర్పు వైపు కాయల దగ్గరికి పూటపూటా వెళ్ళి చూసేది. చెయ్యి చాపేది, వెనక్కి తీసుకునేది. ఒకసారి కత్తి మా ఇంట్లో పెట్టి వెళ్ళింది.

"దగ్గరుంటే కోసేస్తాను," అంది. "ఎలా ఉంటారు తెతె వీళ్ళు? రోజూ చూడటం, రోజూ ఊరికే రావడం. పని చేసినట్టే ఉండదు. ఒళ్ళు మాత్రం హూనం."

చేతులు ఊరుకోలేక ఆ రోజుల్లో తన పడమర వైపుని ఇంకా లేతగా కోసేసేది. ఆ ఏడాది వాళ్ళింట్లో బీన్స్‌ని స్పూన్‌తో తిన్నారు.

ఓమోకి ఇవేమీ తెలియదు. అతనికి తెలిసిందల్లా, ముప్పై ఏళ్ళలో లేనంతగా ఇప్పుడు ఇద్దరూ పొద్దున లేస్తే దెబ్బలాడుకుంటున్నారని. మనిషి సగమయ్యాడు. చివరికి మసీదు పెద్ద హాజీ ఎంకుస్ దగ్గరికి వెళ్ళి గోడు చెప్పుకున్నాడు. అత్తాకోడళ్ళకి వేరే వంటిళ్ళు కట్టడం మంచిదని ఆయన సలహా చెప్పాడు. ఓమో వెదురు తెచ్చాడు, తడికలు అల్లాడు, చెప్పులు చెక్కే పని పక్కనపెట్టి అంబు వైపు ఒక చిన్న వంటిల్లు లేపాడు. పొయ్యి కూడా వేశాడు. అంబు కర్ర పట్టుకొచ్చి చూసింది.

"ఇదెందుకు?"

"మీరు ప్రశాంతంగా వండుకోవచ్చని అంబు."

"నేనెందుకు వండుకుంటాను? దానికేం రోగం?" అని కోడలి వైపు చూపించింది.

"నాకేం రోగం లేదు," అంది జుజు. "గెలలు మగ్గబెట్టడానికి బాగుంటుంది."

ఆ రోజు నుంచి అందులో అరటిగెలలు వేలాడుతున్నాయి. ఓమో మళ్ళీ చెప్పుల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎవరైనా అసలు సంగతి అతనికి చెప్పాల్సింది. చెప్పలేదు.

అంబుకి ఎంత తెలుసో అని నాకు ఉండేది. ఒకరోజు ఆవిడ మా వసారాలో కూర్చుని వక్క నములుతోంది. కంచె అవతల జుజు బొప్పాయి గురించి అరుస్తోంది. తూర్పు వైపు కాయకి కొస పసుపు తిరిగిందని ఆ అరుపుకి అర్థం. అంబు చెవి అటు వేసి వింది.

"ఈమధ్య దీని నోరు బాగా లేస్తోంది," అంది నాతో.

"చెప్పమంటారా నేను?"

"వద్దు. లేవనీ. పళ్ళు టైముకి దిగుతున్నాయి."

వక్క నములుతూనే ఉంది. నేను ఈ మాట జుజుకి చెప్పాలా వద్దా అని ఆలోచించి, రెండు వైపులా అవుననడం అలవాటైన దాన్ని కాబట్టి, చెప్పలేదు.

కానీ అంబు వేలు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఒకసారి వెన్నపండ్లు దించి బుట్టలో పెట్టాక ఆవిడ ఒక్కోటీ తడిమి చూసింది. నేను అక్కడే ఉన్నాను. తొడిమ దగ్గర నొక్కి, జుజు వైపు తిరిగింది.

"ఒక రోజు ఆలస్యం."

"ఏంటి?"

"నిన్న దించాల్సినవి. నీకు నిన్న తల నొప్పి రాలేదా?"

జుజు నోరు తెరిచింది. ఆవిణ్ణి ఇన్నేళ్ళలో వీధిలో అందరూ ఎన్నో అన్నారు గానీ ఆలస్యం అని మాత్రం ఎవరూ అనలేదు. బుట్ట వైపు, అత్త వైపు, నా వైపు చూసింది. తర్వాత తల దించుకుని, "రేపట్నుంచి ముందే వస్తుంది లెండి," అంది.

"మరీ ముందు రానివ్వకు," అంది అంబు.

అలా మూడేళ్ళు నడిచింది. చివరి ఏడాది అంబు మంచం మీది నుంచే విని, "ఊఁ, దింపండి," అనేది. ఉపవాసాల నెలలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. ఏడో రోజు ప్రార్థనకి వచ్చినవాళ్ళకి పళ్ళు పెట్టాలి. ఆ వారం పెరట్లో ఉన్నవన్నీ అటూ ఇటూ కాని దశలో ఉన్నాయి. తూర్పు వైపు పండలేదు, పడమర వైపువి తినేంత లేతగానూ లేవు. ఓమో బజారుకెళ్ళి అరటిపళ్ళు కొనుక్కొచ్చాడు. ఆ ఇంటికి బజారు పండు రావడం నేనెరిగి అదే మొదలు. వచ్చినవాళ్ళు తిన్నారు. తొక్కలు మాత్రం చాలామంది కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

ఇక జుజు మొత్తం పెరడు తన పద్ధతిలో ఊడ్చేస్తుందని వీధిలో కొందరన్నారు. అత్త మీది గౌరవంతో అన్నీ పండేదాకా ఆగుతుందని కొందరన్నారు. ఆవిడ రెండూ చెయ్యలేదు. చెప్పుల గీత అలాగే ఉంచింది. వానకి ఒరిగిన చెప్పులు తీసి ఓమో చేత కొత్తవి పాతించింది. పడమర వైపు పిందెలు కోసుకుంటుంది, తూర్పు వైపు ఆగుతుంది. తూర్పు పళ్ళు దించి ఇరుగుపొరుగుకి పంచుతుంది. తను తినదు. ఒకసారి మా ఇంట్లో బలవంతాన ఒక పనస తొన నోట్లో పెట్టాను. నమిలింది, మింగింది.

"ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది," అంది, జబ్బుమనిషి గురించి చెప్తున్నట్టు.

మరి ఎందుకు ఆగుతున్నావని అడిగాను. తూర్పు వైపు ఏదైనా తొందరగా కోస్తే ఆ రోజంతా ఎవరో మాట్లాడటం మానేసినట్టుంటుందట. మానేస్తే మానెయ్యనీ అనుకుని ఒకసారి కోసి కూడా చూసిందట. కూర బాగానే కుదిరింది, తినబుద్ధి కాలేదు అంది. ఆ మాట అని వెంటనే లేచి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి వచ్చానని వెళ్ళిపోయింది. వాళ్ళ పొయ్యి వెలిగి లేదు. కంచె మీది నుంచి కనపడుతూనే ఉంది.

మొన్న ప్రవక్త పుట్టినరోజు పండగకి హాజీ ఎంకుస్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అరటిపళ్ళు కావాలన్నాడు. జుజు వాళ్ళని వెదురు వంటింట్లోకి తీసుకెళ్ళి, మగ్గుతున్న గెల చూపించి, పండగ ముందురోజు రమ్మంది. వచ్చారు. గెల పసుపుగా తయారై ఉంది. హాజీ గారు ఒక పండు తుంచి రుచి చూసి తల ఊపాడు. తర్వాత అత్తాలు లెక్కపెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"అంబు అయితే రెండు గెలలు ఇచ్చేది."

"అంబు అయితే ఇచ్చేది," అంది జుజు. "నా వైపు ఇంకోటుంది. పచ్చిది. వేయించుకుంటానంటే పట్టుకెళ్ళండి."

హాజీ గారు మనుషుల వైపు చూశాడు. మనుషులు ఓమో వైపు చూశారు. ఓమో చేతిలోని చెప్పు వైపు చూశాడు. చివరికి రెండు గెలలూ మోసుకుని వెళ్ళారు. ఆ సాయంత్రం మసీదు వెనక నూనె మూకుడు పెట్టారు. మా ఆయన రెండుసార్లు వెళ్ళొచ్చాడు.